ప్రాణవాయు విరోధకములు

తాటాకులవలస ఏరియా ఆసుపత్రిలో పుండ్ల వార్డు ఎక్కడని అడిగితే ఎవరైనా చెయ్యి చాపి చూపిస్తారు. అదే "వ్రణ చికిత్సా విభాగము ఎక్కడండీ" అని అడిగితే వాచ్‌మన్ కూడా బుర్ర గోక్కుంటాడు. ఆ పేరు వార్డు తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసే ఉంది. కాకపోతే ఆ తలుపు పొద్దస్తమానం గోడవైపు తెరిచి ఉంటుంది కాబట్టి, అక్షరాలు గోడకి తప్ప మనుషులకి కనబడవు.

ఆ వార్డుకి సలోమి హెడ్ నర్సు. వచ్చి ఇరవై రెండేళ్ళయింది. ఆమె చేతికింద పద్నాలుగు ఇనప మంచాలున్నాయి. ఆ మంచాలు ఆమెకన్నా ముందు వచ్చాయి, ఆమెకన్నా ముందే తుప్పు పట్టాయి. ఒక పుండుతో చేరిన మనిషి మంచం కోడు గీరుకుని రెండు పుండ్లతో ఇంటికి పోకుండా చూడటం కూడా ఆమె ఉద్యోగంలో భాగమైపోయింది. మంచాలకి రంగు వేయించండి మహాప్రభో అని ఏడాదికొకటి చొప్పున పదకొండు అర్జీలు పెట్టింది. పదకొండింటికీ "పరిశీలనలో ఉన్నది" అని సమాధానం వచ్చింది. పన్నెండోది రాయడానికి ఆమెకి చెయ్యి రాలేదు.

ఆరో నంబరు మంచం మీద అప్పలసూరి ఉన్నాడు. సంత వీధిలో దర్జీ. ముప్పై ఏళ్ళు కుట్టు మిషను తొక్కిన కుడికాలు అతనిది. ఒంట్లో సుగరు ఉన్న సంగతి తెలియక, పాదం మొద్దుబారిన సంగతీ తెలియక, విరిగిన సూదిముక్క ఒకటి బొటనవేలి కింద దిగబడితే వారం రోజులు దానిమీదే మిషను తొక్కాడు. ఆసుపత్రికి వచ్చేసరికి పుండు కోటు బొత్తామంత అయింది. జిల్లా నుంచి నెలకోసారి, మూడో బుధవారం నాడు వచ్చే పెద్ద సర్జన్ దాన్ని చూసి పెదవి విరిచాడు. "వచ్చే నెల నేను వచ్చేసరికి ఇది తగ్గుముఖం పట్టకపోతే వేళ్ళు తీసెయ్యాల్సిందే" అని చీటీ మీద రాసి వెళ్ళిపోయాడు.

"కాలేళ్ళు నేకపోతే నడవొచ్చు గానీ సిస్టరమ్మా, మిషనెలాగ తొక్కీది?" అన్నాడు అప్పలసూరి. "ఎడంకాలితో తొక్కి సూసినాను. కుట్టు నాకన్నా ముందు ఎనక్కి పోతన్నాది."

"నీ వేళ్ళు ఎక్కడికీ పోవు. నువ్వు కాలు కిందపెట్టకుండా ఉండు, అది చాలు" అంది సలోమి. ధైర్యం చెప్పింది గాని, ఆమెకీ లోపల భయంగానే ఉంది. నెల్లాళ్ళు ఎంతలో తిరుగుతాయి?

సరిగ్గా అప్పుడే సర్క్యులర్ వచ్చింది.

పైవాళ్ళు దాన్ని ముందు ఇంగ్లీషులో తయారుచేశారట. ఇంతలో భాషా పక్షోత్సవాలు వచ్చిపడ్డాయి. ఆ పదిహేను రోజులూ ఏ కాగితమైనా అచ్చంగా తెలుగులోనే ఉండాలని, వాడుకలో ఉన్నా సరే పరాయి మాట ఒక్కటి కూడా రాయకూడదని, పలకకూడదని ఉత్తర్వు. ఆ పక్షం అయిపోయాక ఇంకో పక్షానికి, అదీ అయిపోయాక మరో పక్షానికి పొడిగిస్తూ పోయారు. ఆ పొడిగింపులో ఎవరో నిఘంటువు ముందేసుకుని కూచున్న మహానుభావుడి చేతుల మీదుగా సర్క్యులర్ తెలుగైపోయింది.

సూపరింటెండెంటు డాక్టర్ పట్నాయక్ గారు అందరినీ తన గదికి పిలిపించారు. ఆయన ఎముకల డాక్టరు. ఎనిమిదేళ్ళుగా ఆయన చేత్తో కట్టింది మాత్రం ఫైళ్ళకి ట్యాగులే. ఆయన పక్కన ఆఫీసు చూసుకునే శేషాచలం గారు కూచున్నారు. శేషాచలం ముందు బల్ల మీద ఇత్తడి గంట ఒకటుంది. ఎవరి నోటినుంచి పరాయి మాట జారినా ఆయన ఆ గంట కొడతారు.

"చిత్తగించండి" అని శేషాచలం గొంతు సవరించుకుని చదివారు. "'గాయములు త్వరితగతిన మానుటకు గాను, చికిత్స పొందుచున్న వారికి ప్రాణవాయు విరోధకములను సమృద్ధిగా సమకూర్చవలెను. వివరములకు అనుబంధము-2 చూడుడు. అమలులో అలసత్వము వహించిన వారిపై కఠిన చర్యలు గైకొనబడును.'"

"అనుబంధము ఏదీ?" అన్నారు పట్నాయక్.

"అనుబంధము-1 వచ్చింది ఆర్యా. అనుబంధము-2 జతపరచడమైనది అని అందులో ఉంది. అనుబంధము-2 మాత్రం రాలేదు."

డ్యూటీ డాక్టరు తబస్సుం ఆ మాటని మనసులో వెనక్కి తిప్పుకుని ఇంగ్లీషు చేసి చూసింది. ముఖం వెలిగింది. "సార్, ఇది యాంటీ..."

గంట మోగింది.

"క్షమించండి ఆర్యా. వాళ్ళు చెప్పేది వేరే. గాయమైనప్పుడు క్రిముల్ని చంపడానికి మన ఒళ్ళే కొన్ని ఘాటైన పదార్థాలు పుట్టిస్తుంది. ప్రాణవాయువు నుంచి పుట్టేవి. కాసిని ఉంటే మంచిదే. మరీ ఎక్కువై, మరీ ఎక్కువ రోజులు ఉండిపోతే కొత్తగా వచ్చే కండని కూడా కాల్చేస్తాయి. ఆ ఘాటుని అణిచేవి కొన్ని..."

పట్నాయక్ గారి ముఖంలో ఏమీ వెలగకపోవడం చూసి సలోమికి జాలేసింది. సాయం చేద్దామనుకుంది. "కోసిన వంకాయ ముక్కలు గాలి తగిలితే నల్లబడిపోతాయి కదండీ. నల్లబడకండా ఉప్పునీళ్ళలో వేస్తాం. అలాంటి ఏర్పాటేదో ఒంట్లోపల..."

పట్నాయక్ గారు బల్ల మీద ఒక్క చరుపు చరిచారు. గంట దానంతటదే మోగింది.

"గాలి!" అన్నారాయన. "ఇప్పుడు బోధపడింది. గాలి తగిలితే వంకాయ చెడుతుంది. గాలి తగిలితే గాయం చెడుతుంది. గాలిలో ఉన్నది ప్రాణవాయువు. కాబట్టి ప్రాణవాయువుని విరోధించాలి. యుద్ధప్రాతిపదికన విరోధించాలి. శేషాచలం గారూ, రాసుకోండి. మన వ్రణ చికిత్సా విభాగమును రాష్ట్రములోనే ప్రథమ ప్రాణవాయు రహిత విభాగముగా తీర్చిదిద్దుచున్నాము."

"ఆర్యా, మనుషులు ఊపిరి తీసుకోవాలి కదా" అంది తబస్సుం.

"కాగితంలో ఊపిరి ప్రస్తావన లేదమ్మా" అన్నారు శేషాచలం సౌమ్యంగా.

వంకాయ మాట ఎందుకెత్తానా అని సలోమి నెల్లాళ్ళూ తన్ను తాను తిట్టుకుంది. ఆ నెల్లాళ్ళూ ఇంట్లో వంకాయ కూర వండలేదు.

డ్రెస్సింగు గదిలోకి గంట చప్పుడు వినబడదు. అక్కడికి వెళ్ళాక తబస్సుం అసలు మాట పూర్తి చేసింది. "యాంటీఆక్సిడెంట్లు సిస్టర్. ఉసిరికాయ, జామకాయ, ఆకుకూరలు, వాటిలో ఉండేవి. భోజనంలో అవి పెట్టమని అంటున్నారు, అంతే. అనుబంధంలో ఉండేది ఆ పట్టికే అయ్యుంటుంది."

"అవి తింటే అప్పలసూరి వేళ్ళు నిలబడతాయా మేడమ్?"

"అవొక్కటే తింటే నిలబడవు. సుగరు అదుపులో ఉండాలి, పుండు శుభ్రంగా ఉండాలి, కాలిమీద బరువు పడకూడదు. వాటితో పాటు ఇవి కూడా ఉంటే కాస్త సాయం చేయొచ్చని అంటున్నారు. ఇంకా పరిశోధనలు నడుస్తూనే ఉన్నాయి."

"కాస్త సాయమైనా సాయమే కదండీ" అంది సలోమి.

మర్నాటి నుంచి వార్డులో యుద్ధం మొదలైంది. మొట్టమొదట ప్రాణం మీదికొస్తే వాడే రెండు ఆక్సిజన్ సిలిండర్లని శత్రువుల కింద లెక్కగట్టి, సైకిళ్ళ షెడ్డులో పెట్టి తాళం వేశారు. ఆ తాళం తీయాలంటే మూడు సంతకాలు కావాలి. ఒకటి సలోమిది, రెండోది శేషాచలానిది, మూడోది పట్నాయక్ గారిది. తరవాత పంకాలు ఆపేశారు. పంకా తిరిగితే గాలి ఒక రోగి నుంచి ఇంకో రోగికి పోయి పక్షపాతానికి తావిస్తుందని ఉత్తర్వులో రాశారు. వరండాలో పూలకుండీలు రెండుంటే వాటిని కోర్టు ఆవరణకి బదిలీ చేశారు.

కిటికీ బయట వేపచెట్టు మాత్రం బదిలీకి లొంగలేదు. అందుకని దానికి నోటీసు ఇచ్చారు. శేషాచలం స్వయంగా మేకు కొట్టించి అంటించారు. "శ్రీ వేపచెట్టు గారికి. తాము పగటిపూట ప్రాణవాయువును బాహాటముగా విడుదల చేయుచున్నట్లు మా దృష్టికి వచ్చినది. ఏడు దినములలోగా సంజాయిషీ సమర్పించనియెడల తమపై చర్య గైకొనబడును." ఆరో రోజు పొద్దున గాలికి రెండు ఆకులు రాలి శేషాచలం భుజం మీద పడ్డాయి. ఆయన వాటిని భద్రంగా ఫైల్లో పెట్టి, "సమాధానము అందినది, పరిశీలనలో ఉన్నది" అని రాశారు. ఆ మాటతో చెట్టు బతికిపోయింది. పదకొండేళ్ళుగా ఆ మాట ఎంత గట్టిదో సలోమికి బాగా తెలుసు.

ఇక కిటికీలు. ఆరు కిటికీలకీ నల్లగుడ్డ తెరలు కట్టాలన్నారు. తెరలు కుట్టడానికి టెండరు పిలిస్తే మూణ్ణెల్లు పడుతుందని, వార్డులోనే దర్జీ ఉన్నాడు కదా అని పట్నాయక్ గారికి ఒక ఆలోచన వచ్చింది.

"మిషను తొక్కకూడదు" అంది సలోమి ఖరాకండిగా. "కాలు కిందపెడితే ఒప్పుకోను."

"సేత్తోనే కుట్టీస్తాను సిస్టరమ్మా. ఊరికే కూకుంటే బుర్ర పాడైపోతంది" అన్నాడు అప్పలసూరి. మెడలో టేపు వేసుకుని, కాలు దిండుమీద పెట్టుకుని, మంచం మీద నుంచే ఆరు కిటికీలకీ కొలతలు చెప్పాడు. నాలుగు రోజుల్లో తెరలు కుట్టి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు సలోమి చెవి దగ్గర గొంతు తగ్గించి, "కుచ్చులు దండిగా ఎట్టినాను. కుచ్చుకీ కుచ్చుకీ మజ్జిన గాలి దూరిపోతాది. కిటికీ రెక్కలు ముయ్యకండా ఒగ్గీండి" అన్నాడు.

ఉత్తర్వులో తెరలు మూయాలని ఉంది గాని, వాటి వెనక రెక్కలు మూయాలని లేదు. సలోమి రెక్కలు బార్లా తీసి పెట్టి, తెరలు మర్యాదగా మూసింది. మధ్యాహ్నం తనిఖీకి వచ్చిన శేషాచలానికి తెరలు ఊగుతూ కనబడ్డాయి.

"ఇవి ఎందుకు కదులుతున్నాయి?"

"లోపలున్న గాలి బయటికి ఎలిపోతన్నాది బాబూ" అన్నాడు అప్పలసూరి.

శేషాచలం ముఖం చాటంత అయింది. "విరోధకము పనిచేయుచున్నది" అని పుస్తకంలో రాసుకున్నారు.

ఆ తరవాత ఊపిరుల రిజిస్టరు వచ్చింది. రోగి నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తున్నాడో నర్సులు ఎప్పుడూ చూసేదే. ఇప్పుడు దాని పక్కన "తగ్గింపు లక్ష్యము" అని ఇంకో గడి గీశారు. ఆవులింతలో ఒక్కసారే మూడు ఊపిరులంత గాలి పోతోందని శేషాచలం స్వయంగా కూచుని కనిపెట్టారు.

"ఆవులించే ముందు అనుమతి తీసుకున్నావా?" అని ఆయన అప్పలసూరిని నిలదీశారు.

"వచ్చీముందు అది నాకు మాత్రం సెప్పిందేటి బాబూ?"

నిట్టూర్పు ఏ గడిలో రాయాలన్నది ఇంకో చిక్కు. నిట్టూర్పంటే గాలి బయటికి పోవడం కదా, కాబట్టి అది ఆదా అన్నారు పట్నాయక్. ఆ లెక్కన పాట పాడటం ఇంకా మంచిది, పాడేవాడు వదిలేదే ఎక్కువ. వార్డులో పద్నాలుగు మందీ పూటకో గంట పాడాలని ఉత్తర్వు వచ్చింది. సలోమి ప్రార్థన గీతాలు అందుకుంది, మూడో నంబరు మంచం ముసలాయన జముకుల కథ అందుకున్నాడు, అప్పలసూరి బొత్తాలు కుట్టేటప్పుడు పాడుకునే పాట ఒకటి అందుకున్నాడు. నిజం చెప్పాలంటే వార్డు అంత సందడిగా ఎన్నడూ లేదు. పాటకీ పాటకీ మధ్య అందరూ గుండెలనిండా గాలి పీల్చుకుంటున్న సంగతి శేషాచలం నాలుగో రోజున పసిగట్టారు. పాటలు ఆగిపోయాయి.

ఇదంతా సలోమి నవ్వుతూనే భరించింది గాని, ఉసిరికాయ దగ్గర మాత్రం నవ్వు రాలేదు. రోగుల భోజనంలో ఏదైనా చేర్చాలంటే ఆఫీసు ఒప్పుకోవాలి. బయటి తిండి లోపలికి రానివ్వరు. ఉసిరికాయలు, జామకాయలు, తోటకూర కావాలని కాగితం రాసి పెట్టింది. "సర్క్యులరులో కూరల ప్రస్తావన లేదు" అని తిరిగొచ్చింది. తిప్పి పంపిన శేషాచలమే ఆ "సర్క్యులరు" అన్న మాటకి నాలిక కరుచుకుని తనకి తనే గంట కొట్టుకున్నారని విని సలోమికి కాస్త చల్లబడింది. కాని అప్పలసూరి కట్టు విప్పిన ప్రతిసారీ ఆమె ముందు క్యాలెండరు వైపు చూస్తోంది. సుగరు దిగింది. చీము తగ్గింది. అంచులు మాత్రం కదలనంటున్నాయి. పద్దెనిమిది రోజులే మిగిలాయి.

ఆ సాయంత్రం కట్టు కట్టి చేతులు కడుక్కుంటుంటే ఆమెకి తళుక్కున ఒక సంగతి తట్టింది. కాగితం తీసి మళ్ళీ రాసింది.

"వ్రణ చికిత్సా విభాగమునకు తక్షణము కావలసినవి. ప్రాణవాయు విరోధకములు, గుండ్రని ఆకుపచ్చ రకము, పుల్లనివి, దినమునకు ఇరువది ఎనిమిది. ప్రాణవాయు విరోధకములు, దోర రకము, లోపల గింజలు గలవి, దినమునకు పద్నాలుగు. ప్రాణవాయు విరోధకములు, ఆకు రూపములో, దినమునకు పద్నాలుగు కట్టలు. నోటి ద్వారా ఇచ్చునవి."

శేషాచలం కాగితాన్ని రెండుసార్లు చదివారు. సర్క్యులర్ పక్కన పెట్టి మాట మాటకీ సరిచూసుకున్నారు. "శభాష్ సలోమి గారూ! ఈ ఆసుపత్రిలో కాగితం సరిగ్గా చదివింది మీరొక్కరే" అని సంతకం పెట్టి, "అత్యవసరము" అని ఎర్రసిరాతో అడ్డంగా రాశారు. మర్నాడు పొద్దున్నే గంపలు దిగాయి. గంపల్లో ఉన్నవి ఉసిరికాయలని శేషాచలం కళ్ళతో చూశారు. చూసినా అవి ఆయనకి ఉసిరికాయల్లా కనబడలేదు, కాగితంలో ఉన్న మాటలా కనబడ్డాయి. లెక్కపెట్టించుకుని లోపలికి పంపారు.

"ఈ యిరోధకం మా పెరట్లోనూ కాస్తాది సిస్టరమ్మా" అన్నాడు అప్పలసూరి ఉసిరికాయ కొరికి, కన్ను మూస్తూ.

"గట్టిగా అనకు. తిను."

పొద్దునొకటి, సాయంత్రమొకటి ఉసిరికాయ, మధ్యాహ్నం ఒక జామకాయ, అన్నం తక్కువగా పెట్టి తోటకూర ఎక్కువగా. వేళకి ఇన్సులిన్. రోజూ ఉప్పునీటితో కడిగి కొత్త కట్టు. కాలు మాత్రం దిండు దిగకూడదు. కిటికీలోంచి వేపగాలి కుచ్చులు దాటి వస్తూనే ఉంది. పన్నెండో రోజున కట్టు విప్పితే పుండు అడుగున ఎర్రగా, తడిగా, దానిమ్మ గింజల్లా కొత్త కండ కనబడింది. సలోమి గబుక్కున తబస్సుంని పిలుచుకొచ్చింది. తబస్సుం ఏదో అనబోయి, గంట గుర్తొచ్చి, రెండు బొటనవేళ్ళూ పైకెత్తి చూపించింది.

మూడో బుధవారం రానే వచ్చింది. ఆ రోజు వచ్చింది పెద్ద సర్జన్ ఒక్కడే కాదు. రాష్ట్రంలో ప్రథమ ప్రాణవాయు రహిత విభాగాన్ని కళ్ళారా చూడాలని పైనుంచి పర్యవేక్షణాధికారి, ఆయన వెంట పదిమంది, వాళ్ళ ఫొటోగ్రాఫరూ వచ్చారు. పట్నాయక్ గారు పొద్దున్నే స్వయంగా వార్డు చూసుకుందామని తెర పక్కకి లాగితే, వెనక కిటికీ బార్లా తెరిచి ఉంది. ఆయన కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఎన్నాళ్ళ నుంచి ఈ ద్రోహం?"

"మొదటి నుంచీనండి" అంది సలోమి. అబద్ధం ఆడటం ఆమెకి చేతకాదు.

"మీకు సంజాయిషీ పత్రం సాయంత్రం అందుతుంది. ముందు అతిథులు పోనీండి" అని ఆరు కిటికీలకీ మేకులు కొట్టించారాయన. సందులున్న చోట అట్టలు అంటించారు. పద్నాలుగు మంది రోగులు, పద్నాలుగు మంది వాళ్ళ మనుషులు, వచ్చిన అధికారులు, ఉన్న అధికారులు, అందరూ లోపలికి వచ్చాక తలుపు కూడా మూశారు. ఆ దెబ్బతో తలుపు మీది "వ్రణ చికిత్సా విభాగము" మొదటిసారి లోకానికి కనబడింది, చూడటానికి బయట ఎవరూ లేరు.

పట్నాయక్ గారు ఉపన్యాసం అందుకున్నారు. "మహాశయులారా! అనాదిగా మానవుడు ప్రాణవాయువుకు బానిసగా బతికినాడు..." పది నిమిషాలకి అధికారుల చొక్కాలు తడిసి ఒంటికి అంటుకున్నాయి. ఇరవై నిమిషాలకి ఫొటోగ్రాఫరు నేలమీద కూచున్నాడు. ముప్పయ్యో నిమిషాన "ఈ విజయము వెనుక..." అంటూ పట్నాయక్ గారు ఆగారు. కళ్ళు తేలేశారు. పక్కకి ఒరిగి, ఆరో నంబరు మంచం కోడుని గట్టిగా తన్నుకుని, మోకాలి కింద జానెడు మేర గీరుకుపోయి, కూలబడ్డారు.

"ఆక్సిజన్!" అన్నారు గుడ్లు పైకి తిప్పి. "ఆక్సిజన్!"

శేషాచలం అలవాటుకొద్దీ వెంట తెచ్చుకున్న గంట కొట్టారు. "ప్రాణవాయువు అనాలి ఆర్యా" అన్నారు రొప్పుతూ. "దానికి వేసిన తాళం తీయడానికి మూడు సంతకాలు కావాలి. మూడోది తమరిదే. ఇక్కడ పెట్టండి."

పట్నాయక్ గారి చెయ్యి కలం దాకా వెళ్ళి పడిపోయింది. సలోమి ఇంక ఆగలేదు. అప్పలసూరి దిండు కింద నుంచి గుడ్డలు కత్తిరించే పెద్ద కత్తెర లాగి, నల్లతెర నిలువునా చీల్చి, కత్తెర పిడితో మేకు పెకిలించి, కిటికీ రెక్కని భుజంతో ఒక్క తోపు తోసింది. నోటీసు అంటించిన వేపచెట్టు ఇన్నాళ్ళ కసీ తీర్చుకున్నట్టు ఒక్కసారిగా గాలి లోపలికి తోలింది. తబస్సుం తలుపు తీసి, పట్నాయక్ గారి కాలర్ బొత్తాం విప్పి, కాళ్ళు ఎత్తి పట్టుకుంది. ఆయనకి తెలివొచ్చి, లేచి కూచుని, ఎవరివైపూ చూడకుండా చాలాసేపు హాయిగా ఊపిరి తీసుకున్నారు. ఆ ఊపిరులు ఎవరూ రిజిస్టర్లో రాయలేదు.

ఈ గొడవేమీ పట్టనట్టు పెద్ద సర్జన్ మంచం అంచున కూచుని అప్పలసూరి కట్టు విప్పుతున్నాడు. అప్పలసూరి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సలోమి చేతిలో కత్తెర ఇంకా అలాగే ఉంది. సర్జన్ పాదాన్ని వెలుతురు వైపు తిప్పాడు, వేలితో అంచులు నొక్కాడు, మళ్ళీ చూశాడు.

"కోటు బొత్తామంత ఉండాలే ఇది?"

"చొక్కా బొత్తామంతైంది బాబూ" అన్నాడు అప్పలసూరి కళ్ళు తెరవకుండానే.

"వేళ్ళు తీయక్కర్లేదు. ఇలాగే చూసుకుంటే ఇంకో రెణ్ణెల్లలో పూడిపోతుంది." సర్జన్ సలోమి వైపు తిరిగాడు. "ఏమిచ్చారమ్మా?"

సలోమి కళ్ళు తుడుచుకుని, కొంగున ఉన్నది తీసి ఆయన అరచేతిలో పెట్టింది. "శుభ్రంగా కడిగామండి. సుగరు చూసుకున్నాం. కాలు దింపనివ్వలేదు. వాటితో పాటు ఇదీ. ప్రాణవాయు విరోధకము."

సర్జన్ ఉసిరికాయని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయనకి సంగతి అర్థమవడానికి అర నిమిషం పట్టింది. నవ్వు ఆపుకోవడానికి మాత్రం అంతకన్నా ఎక్కువే పట్టింది. పర్యవేక్షణాధికారి అదేమీ గమనించలేదు. "గాయము తగ్గినది. ప్రాణవాయు రాహిత్యము ఫలించినది" అని రాసుకుని, బయటి గాలి కోసం త్వరత్వరగా వెళ్ళిపోయారు.

పట్నాయక్ గారి మోకాలి గాయం సలోమే కడిగింది. ధనుర్వాతం సూది వేసింది. చివర్లో రెండు ఉసిరికాయలు చేతిలో పెట్టింది. ఆయన అవి కొరుకుతూ, "సాయంత్రం సంజాయిషీ పత్రం అన్నాను కదూ" అన్నారు.

"అన్నారండి."

"పరిశీలనలో ఉంచుదాం" అన్నారాయన పులుపుకి ముఖం ముడిచి.

సలోమికి ఆ మాట విని అంత సంతోషం కలగడం అదే మొదటిసారి.

రెణ్ణెల్ల తరవాత సవరణ వచ్చింది. ఎక్కడో ఎవరో తప్పు పట్టుకున్నారు. ఆక్సీకరణం అంటే ఏమిటని నిఘంటువు తిరగేశారు. ఇనుము విషయంలో దాన్నే తుప్పు పట్టడం అంటారని అందులో ఉంది. "మునుపటి ఉత్తర్వులో ప్రాణవాయు విరోధకములు అను చోట తుప్పు నిరోధకములు అని చదువుకొనవలెను" అని కాగితం, దాని వెనకే లారీలో ఎనిమిది డబ్బాల ఎర్ర రంగు, రెండు డజన్ల కుంచెలు వచ్చాయి.

పట్నాయక్ గారు సలోమిని పిలిపించారు. దెబ్బ తిన్నాక ఆయనకి ఆమె మాట మీద గురి కుదిరింది. డబ్బా మూత తీసి, వాసన చూసి, గొంతు తగ్గించి అడిగారు. "ఇది రోగికి పైపూతా? లోపలికా?"

సలోమి ఆయన ముఖంలోకి చూసింది. నవ్వాలనిపించింది, నవ్వలేదు. పదకొండు అర్జీలు కళ్ళ ముందు కదిలాయి. చేతులు కట్టుకుని ఆఫీసు భాషలో అందుకుంది. "ఆర్యా, గాయమునకు ఆధారము రోగి. రోగికి ఆధారము మంచము. కావున నిరోధకమును మూలాధారమునకే పూయవలెనని నా మనవి."

"అద్భుతం!" అన్నారు పట్నాయక్. "శేషాచలం గారూ, రాసుకోండి."

మూడు రోజుల్లో పద్నాలుగు మంచాలూ గీకి, రుద్ది, ఎర్రగా మెరిసేలా చేశారు. రంగు మిగిలితే వరండా కటకటాలకీ పూశారు. కొంత గచ్చు మీద ఒలికింది.

ఆ రంగు ఆరకముందే అప్పలసూరి చూపించుకోవడానికి వచ్చాడు. చంకలో మూట. వార్డు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి అడుగు పెట్టాడు.

"చెప్పులు తీయొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పాను!" అని సలోమి కేకేసింది. "కాళ్ళకి స్పర్శ లేదు నీకు. మళ్ళీ ఏదైనా గుచ్చుకుంటే?"

"మీ వార్డులోకి సెప్పుల్తో ఎలాగొస్తానమ్మా, తప్పుకాదేటి?" అన్నాడతను, ఒక కాలు రంగులో, ఒక కాలు గడప అవతల పెట్టుకుని. మూటలో పద్నాలుగు దిండు గలేబులున్నాయి. తీసేసిన నల్లతెరలతో కుట్టాడు, అంచులకి కుచ్చులు కూడా పెట్టాడు. "మిషను మీదే కుట్టినాను సిస్టరమ్మా. కుడికాలితో."

సలోమి అతన్ని కుర్చీలో కూచోబెట్టి, ముందు ఆ పాదం కడిగింది. బొటనవేలి కింద గులాబీ రంగు మచ్చ తప్ప ఏమీ లేదు. ఊరికే తిట్టానేమో అనిపించి ఒక జామకాయ ఇచ్చింది. "ఇంటిదగ్గర కూడా చెప్పులు వేసుకునే తిరుగు" అని మళ్ళీ తిట్టింది.

శేషాచలం హడావిడిగా వచ్చి గచ్చు మీద ఎర్రగా పడిన అడుగు చూశారు. "ఇదేమిటిది? తనిఖీకి మళ్ళీ వస్తున్నారు. వెంటనే తుడిపించండి" అన్నారు.

సలోమి వంగి చూసింది. పారాణి పెట్టుకున్న కాలి ముద్రలా స్పష్టంగా పడింది కుడిపాదం. మడమ, అరికాలి వంపు, ఐదు వేళ్ళు. ఆమె చూపుడువేలితో ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది, రెండుసార్లు.

"తుడవనండి" అంది.

"మరి దీన్ని ఏమని రాసుకోమంటారు? కాగితంలో లేనిది వార్డులో ఉండకూడదు కదా!"

"కాగితంలో ఉందండి" అంది సలోమి లేచి చేతులు దులుపుకుంటూ. "ఇన్నాళ్ళూ దొరకలేదు కదా, అనుబంధము-2. జతపరచడమైనది అని రాసుకోండి."